ఆడవాళ్ల పరీక్ష

“నొప్పి లేకపోతే అది మంచి గడ్డేనా డాక్టరమ్మా?”

దుర్గమ్మ కుర్చీలో సర్దుకోకముందే ఆమె మొగుడు పిచ్చియ్య అడిగేశాడు. డాక్టరు ఇంకా రిపోర్టు కవరే విప్పలేదు. పరీక్ష తనకైతే ఈయనగారి తొందర ఒకటి!

కారంపూడికి రొమ్ము క్యాన్సర్ పరీక్షల బస్సు వచ్చిందని తెలిసి, వద్దు మొర్రో అంటున్నా లారీ పని మానుకుని మరీ తీసుకెళ్లింది ఆయనే. మగాళ్లు అవతలుండండని నర్సు తరిమినా గుమ్మం వదలకుండా, గడ్డ ఎలా చూసుకోవాలో ఆమె చెప్పేదంతా విన్నాడు. జ్వరమొస్తే మాత్ర కూడా తెచ్చివ్వని మనిషికి ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందో దుర్గమ్మకు అంతుపట్టలేదు.

బస్సులో తీసిన మామోగ్రాంలో ఏదో మచ్చ ఉందన్నారు. నరసరావుపేట వచ్చి సూది పరీక్ష చేయించుకుంది. అప్పట్నుంచీ ముద్ద దిగడం లేదు. తను పోతే పిల్లల గతేమిటన్నదే దిగులు.

“నొప్పిని బట్టి చెప్పలేమండీ. చాలా క్యాన్సర్లు మొదట్లో నొప్పే పెట్టవు,” అంది డాక్టరు.

“చేతికి గట్టిగా తగిలితే? చంకలో ఇంకోటుంటే?”

“నాకు చేతికి తగిలిందెక్కడ? లేనిపోనివి అంటగట్టమాకయ్యా!” దుర్గమ్మ కసిరింది. పాపం, భయంతో మతి పోయింది అనుకుంది.

డాక్టరు రిపోర్టు చదివి నవ్వింది. “క్యాన్సర్ కాదు దుర్గమ్మగారూ. ప్రమాదం లేని చిన్న గడ్డ.”

దుర్గమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. వెనకే కోపం. “మరి సూదులతో పొడిచి, ఇన్నాళ్లు నన్ను భయంతో చంపారేంది?”

“నిజమే, ఈ పరీక్షలో ఆ ఇబ్బంది ఉంది. ఒక్కోసారి లేని రోగానికి భయపడాల్సొస్తుంది. కానీ ఉన్నవాళ్లకు ముందే దొరికితే బతికే అవకాశం ఎక్కువ.”

“ఆలస్యమైతే?” పిచ్చియ్య మళ్లీ అడిగాడు.

“అయినకొద్దీ కష్టం.”

బయటికి రాగానే దుర్గమ్మకు చానా రోజుల తర్వాత ఆకలేసింది. “పదయ్యా, ఇయ్యాల కోడి కోసి పులుసు పెడతా.”

పిచ్చియ్య బెంచీ మీద కూలబడ్డాడు. ఆయన కళ్లలో నీళ్లు చూసి ఆమె మనసు కరిగిపోయింది. ఈ మొరటోడు తన మీద ఇంత ప్రాణం పెట్టుకున్నాడా!

“నాకేం లేదన్నారుగా, ఏడుస్తావేంది?” అంటూ పక్కన కూర్చుంది.

పిచ్చియ్య ఆమె చెయ్యి పట్టుకుని తన రొమ్ములోని గడ్డ మీద పెట్టుకున్నాడు.