ఆరో ముద్ర

"వెయ్యను," అంది మినాసె చిగుసా.

సహోద్యోగి మురోయి చేతిలో కాగితం మడతపెట్టి ఉంది. పైకి, సంతకానికి బదులు పేరు ముద్ర వెయ్యాల్సిన ఒక్క ఖాళీ గడి మాత్రమే కనిపిస్తోంది.

"మినాసె గారూ, పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి రావడం. నాతో కలిపి అయిదుగురం వేసేశాం. మిగిలింది మీ గడి ఒక్కటే."

"నాలుగుసార్లు కాదు, నలభైసార్లు రండి. నా మాట మారదు."

క్యోటోలో ఒక టోఫు దుకాణం మేడ మీద, ఆ గదిలో ఆరుగురు మూడేళ్ళుగా ఒక వీడియో గేమ్ తయారుచేస్తున్నారు. అందులో ఒక కొలను, ఒక చిన్న పడవ. తెడ్డు వేసుకుంటూ తామరల మధ్య తిరగొచ్చు. కొంగ రెక్క విప్పేదాకా చూస్తూ కూర్చోవచ్చు. శత్రువులు లేరు, పాయింట్లు లేవు, ఓడిపోవడం లేదు. ఆ నీళ్ళకు రంగులు వేసింది చిగుసా. తెల్లవారుజాము నీళ్ళకే నలభై రంగులు పట్టాయి.

ఈ ఆటను మార్కెట్లోకి తెచ్చే టోక్యో సంస్థ నుంచి కురాచి అనే యువకుడు వచ్చి, గది మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తెర మూలన గడియారం ఉండాలంటాడు. పొద్దుగూకేలోగా వంద తామరలు కొయ్యకపోతే పడవ మునగాలంటాడు. 'ఓడిపోయారు' అని ఎర్ర అక్షరాలు పడాలంటాడు. ఈ మార్పులన్నిటికీ ఒప్పుకుంటున్నామనే కాగితమే మురోయి చేతిలోది. ఈ చిన్న కంపెనీ అధ్యక్షుడు సోనోబె అతనికి అవుననీ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. "మా వాళ్ళ మనసేమిటో ఆ కాగితం మీద చూసుకుని అయిదింటికి జవాబిస్తాను" అని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

"మినాసె గారూ, ఆట అన్నాక గెలుపూ ఓటమీ ఉండొద్దూ?" అన్నాడు కురాచి, టీ కప్పు ఊదుకుంటూ.

"ఆడి చూడమని పోయిన నెల కొంతమందిని పిలిచాం. ఎనభై రెండేళ్ళావిడ ఒకరు వచ్చారు. చేతులు వణుకుతాయి. నలభై నిమిషాలు పడవ నడిపి, లేచేటప్పుడు ఏమన్నారో తెలుసా? 'ఇన్నేళ్ళకి నన్ను ఎవరూ తొందరపెట్టని చోటు ఒకటి దొరికింది' అన్నారు. మీ గడియారం పెడితే ఆవిడ పడవ మూడో నిమిషానికే మునుగుతుంది."

"ఒక్క ముసలావిడ కోసం..."

"పక్కన ఆరేళ్ళ పిల్ల కూడా ఆడింది. అదీ తొందరపడలేదు. ఇక్కడ తొందరంతా మీ ఒక్కరికే."

మూల కూర్చున్న ఉకితాకు నవ్వొచ్చింది. దాన్ని దగ్గులోకి మార్చేశాడు.

కురాచి మొహంలో మాత్రం నవ్వు పోయింది. "మురోయి గారూ, ముద్ర వెయ్యనివాళ్ళ పేరు విడిగా రాసివ్వండి. వాళ్ళ పని ఇంకొకరు చేస్తారు."

"రాసుకోండి. మినాసె చిగుసా. అక్షరాలు తప్పు పోకుండా రాయండి."

కురాచి ఫోన్ మోగింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. మురోయి చప్పున వంగి గొంతు తగ్గించాడు.

"ఎలా వేసినా ముద్ర ముద్రేనండీ. నేనిదివరకు పనిచేసిన చోట పెద్దవాళ్ళు, ఇష్టం లేని కాగితం మీద తలకిందులుగా వేసేవాళ్ళు. నోరు విప్పక్కర్లేదు. పైన చూసేవాళ్ళకి అర్థమైపోతుంది."

"నాకలాంటి దొంగచాటు పనులు రావు. కాదంటే మొహం మీదే కాదంటాను. అవునంటే నిటారుగా అవునంటాను."

"అది కాదండీ, ఒక్కసారి నా మాట..."

కురాచి ఫోన్ పెట్టేసి ఇటు తిరిగాడు. మురోయి నిటారుగా నిలబడి నోరు మూసుకున్నాడు.

చిగుసా కుర్చీ తిప్పి ఉకితా వైపు చూసింది. అరవై దాటిన మనిషి. ఆటలోని చప్పుళ్ళన్నీ ఆయనవే.

"ఉకితా గారూ, మీరు చెప్పండి. రెండు వానాకాలాలు వరిపొలాల బురదలో నిలబడి కప్పల గొంతులు పట్టుకొచ్చారు. వాటి మీద గడియారం టిక్కుటిక్కుమంటే మీకిష్టమేనా?"

ఉకితా కురాచిని చూశాడు. తర్వాత గోడను చూశాడు.

"నేను చెప్పాల్సింది ఆ కాగితం మీదే చెప్పానమ్మా."

చిగుసా మిగిలిన ముగ్గురి వైపు చూసింది. ముగ్గురూ తెరల్లోకి తలలు దూర్చేశారు.

"మీకందరికీ ఇదే కావాలా?"

కీబోర్డుల చప్పుడు మాత్రం పెరిగింది.

టోక్యోవాళ్ళతో ఆమె ఎన్నాళ్ళైనా పోట్లాడగలదు. ఉద్యోగం పోయినా పోట్లాడుతుంది. కానీ వీళ్ళతో ఎలా? మూడు చలికాలాలు ఒకే కుండ చుట్టూ కూర్చుని వేడి వేడి ఉదోన్ నూడుల్స్ తిన్నవాళ్ళు. కొలను తనొక్కదాని సొత్తు కాదు.

"సరే," అంది. "పైవాళ్ళ మాటైతే వినేదాన్ని కాదు. కానీ మీ అయిదుగురి మాటనీ కాలదన్నే హక్కు నాకు లేదు. ఇటివ్వండి."

మురోయి మొహం వెలిగింది. కాగితాన్ని రెండు చేతులతో అందిస్తూ, "ఎలా వేసినా సరే," అన్నాడు మళ్ళీ, ఒక్కొక్క మాటనూ ఒత్తి పలుకుతూ.

ఆమె సొరుగులోంచి తన పేరు చెక్కిన ముద్ర తీసి ఎర్ర సిరాలో అద్దింది. అక్షరాలకు పైవైపు ఏదో చూసుకుని, గడి నడిమధ్యన నిలువుగా, గట్టిగా నొక్కింది.

"వంచలేదు, వణకలేదు. చూసుకోండి."

మురోయి మొహం పాలిపోయింది. "అయ్యో, మినాసె గారూ..."

"ఏం, పొద్దుటి నుంచి మీరడిగింది ఇదేగా!"

కురాచి సంతోషంగా చప్పట్లు కొట్టాడు. ఇంకెవ్వరూ కొట్టలేదు.

మడతలో తడి సిరా అంటుకుంటుందని, మధ్యన పల్చటి కాగితం పెట్టడానికి చిగుసా మడత పూర్తిగా విప్పింది.

మిగతా అయిదు ముద్రలూ తలకిందులుగా ఉన్నాయి.