బిగించిన థ్రాటిల్

షెడ్డులోంచి గుయ్‌మని మోటారు మోగడం విని, మెకానిక్ మంచం మీద లేచి కూర్చున్నాడు.

“బ్యాటరీ తగిలించలేదన్నారు కదండీ?” అంది భార్య, గొంతు తగ్గించి.

“లేదే. బల్ల మీదే పెట్టాను.”

కాళ్లు చచ్చుబడుతున్న తమ్ముడు, తన ఎలక్ట్రిక్ సైకిలుకు, తొక్కకుండా చేత్తో తిప్పి నడిపే థ్రాటిల్ పెట్టమని ఆర్నెల్లు బతిమాలాడు. “అందరి బళ్లూ బాగుచేస్తావు, నాది తప్ప!” అని ఎత్తిపొడిచాడు కూడా. అన్న రేపంటూ, మాపంటూ గడిపేశాడు. తమ్ముడు పోయాక, ఈ సాయంత్రం బిగించాడు.

టార్చి పట్టుకుని షెడ్డు తలుపు తీశాడు. స్టాండు మీద వెనక చక్రం గిర్రున తిరుగుతోంది. థ్రాటిల్ పిడి చివరికంటా మెలిపడి ఉంది. మెత్తటి రబ్బరులోకి నాలుగు వేళ్ల నొక్కులు దిగుతున్నాయి.

“క్షమించరా,” అన్నాడు.

మోత పెరిగింది. స్టాండు దానంతటదే లేచింది. సైకిలు అతన్ని రాసుకుంటూ చీకట్లోకి కదిలింది. చావునాటి నుంచి పలకలేకపోయిన పేరు అప్పుడు నోటికొచ్చింది.

“ఆగరా, చంటీ!”