పచ్చగీత

ఎదురు షాపువాడు అల్లుడికి మేనేజరు కుర్చీ ఇస్తానన్నాడు. బదులుగా తను పనిచేస్తున్న మామగారి గడియారాల షాపులోంచి ఆ ముత్యాల జేబు గడియారం తెచ్చివ్వాలి. దాన్ని చూడ్డానికే జనం వస్తారు. అది పోతే మామగారి షాపు గుడ్డిదీపమే.

పెళ్లయినప్పటినుంచీ మామగారికి తలూపి తలూపి మెడ పట్టేసిన అల్లుడు, ఈసారి ఎదురు షాపువాడికి తలూపాడు.

ఉపాయం చెప్పడానికి ఏఐ బల్ల ఉండనే ఉంది. షాపు సర్దుకోవడానికి మామగారు కొత్తగా తెప్పించిన బల్లంత తెర అది. మాటలు మేసి పెరిగిన ఏఐయే అయినా దాంతో మాట్లాడే పని లేదు, టైపు కొట్టే పని లేదు. షాపులోని వస్తువుల బొమ్మల్ని వేలితో జరిపితే చాలు, మన ఉద్దేశం పట్టేసి మిగతావి అదే సర్దుతుంది. నోరు విప్పకుండా సలహా అడగొచ్చు. దొంగకు ఇంతకంటే ఏం కావాలి?

అందరూ మేడమీద ఇంటికి భోజనాలకు వెళ్లాక, అల్లుడు గడియారం బొమ్మను బీరువాలోంచి లాగి వెనక గుమ్మం దాకా గీత గీశాడు. గీత ఎర్రబడింది. కెమెరా బొమ్మ మిణుకుమంది. మరో దారిన గీశాడు. అదీ ఎరుపే.

నీరుగారిపోయి, మంచినీళ్లు తాగి వచ్చాడు. చూస్తే, నిలువెత్తు గడియారం బొమ్మ కెమెరాకు అడ్డంగా జరిగి ఉంది. గీత పచ్చగా మెరుస్తోంది.

"నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివావు," అని బల్లను ముద్దుగా తట్టాడు.

సాయంత్రం ఇంట్లో భార్య అడిగింది. "ఏంటండీ, ఇవాళ మొహం వెలిగిపోతోంది?"

"ఒకళ్లు మంచి సలహా ఇచ్చార్లే."

"అయితే పాటించండి మరి," అందావిడ.

మర్నాడు భోజనాల వేళ నిలువెత్తు గడియారాన్ని ఈడ్చి కెమెరాకు అడ్డం పెట్టాడు. బీరువా తాళాలు ఎలాగూ అతని దగ్గరే ఉంటాయి. ముత్యాల గడియారం జేబులో పడింది. పిల్లిలా నడిచి వెళ్లి వెనక గుమ్మం తెరిచాడు.

అవతల కుర్చీ వేసుకుని మామగారు కూర్చున్నారు.

"రండి అల్లుడుగారూ. టైమెంతయిందో కాస్త చూసి చెబుతారా?"

ఎదురు షాపులో కుర్చీ, ఈ షాపులో కుర్చీ రెండూ ఒక్కసారే అల్లుడి కళ్లముందు తిరిగాయి.

"ఆ బల్ల... మీకు చెప్పేసిందా మామయ్యగారూ? నాకు పచ్చగీత చూపించి, మీకు చాడీలు మోసిందా?"

"పాపం, దాన్నేమీ అనకండి. అది నిజాయితీగా ఎర్రగీతే చూపించింది," అంటూ మామగారు గడియారం కోసం చెయ్యి చాపారు. "మేడమీద దానికి జోడీ తెర ఒకటుంది. అక్కణ్నుంచి నిలువెత్తు గడియారం బొమ్మను జరిపి, మీ గీతకు పచ్చరంగు పూసింది మా అమ్మాయి."