కాలేషా నోటి చేదు

“గొంతు కోసినా ఈ మాత్ర మింగను!” అని కాలేషా మూతి బిగించాడు.

కాలేయంలో చీముగడ్డతో నరసరావుపేట ఆసుపత్రిలో చేరి వారం దాటింది. ఇప్పుడిప్పుడే జ్వరం దిగుతోంది. మాచర్ల బజారులో పేరున్న పనిమంతుడతను. పంతంలోనూ ఎవరికీ తీసిపోడు.

“ఏందయ్యా, పసిపిల్లాడి మాదిరి!” భార్య చాంద్ బీ గ్లాసుతో నీళ్లు పట్టుకుని బతిమాలుతోంది.

“నా నాలుక చచ్చిందే! అమ్మ కేరేజీ కట్టి బస్సులో పంపిన చింతపండు పులుసు కూడా తుప్పు నాకినట్టుంది. నోట్లో పెడితే కడుపులో దేవుతోంది.”

డాక్టరు నాగభూషణరావు ఓపిగ్గా చెప్పాడు. “ఈ మందుకు నోరు చేదవుతుంది, వికారం ఉంటుంది. మందు అయిపోయాక అదే పోతుంది. మధ్యలో మానేస్తే మాత్రం గడ్డ తిరగబెడుతుంది. ఈసారి ప్రాణం మీదికొస్తుంది.”

“రుచి తెలవని ప్రాణం ఎందుకండీ?”

చాంద్ బీకి ఏడుపొచ్చేసింది. పక్క మంచం మీది మొగుడికి తోడుగా ఉన్న కోటేశ్వరమ్మకు అది చూసి ఒళ్లు మండింది.

“చాల్లే తమ్ముడా! కమ్మటి పులుసుకు వంకలు పెడతన్నావు. ఇట్టా తే చాంద్ బీ, నేను తిని చూపిస్తా!”

కేరేజీ గిన్నె లాక్కుని చెంచాడు నోట్లో పోసుకుంది. అంతే, మొహం వంకర్లు పోయింది. కిటికీ దగ్గరికి పరుగెత్తి తుపుక్కున ఊసింది.

“నేను ఏ మందూ మింగలా డాక్టరు గారూ! నా నోరూ అట్టాగే అయింది!”

వార్డంతా గొల్లున నవ్వింది. డాక్టరు ఆ గిన్నెను వెలుతురుకు పట్టి చూశాడు.

“మందు చేసే చేదు కొంతే. మిగతాదంతా దీని పుణ్యమే. లోపలి తగరం పూత పోయి, ఇత్తడి బయటపడి పచ్చగా చిలుము పట్టింది. ఇందులో పులుసు పోస్తే ఎవరికైనా వాంతులే!”

కోటేశ్వరమ్మ తన స్టీలు గిన్నెలోని పెరుగన్నం తెచ్చి పెట్టింది. కాలేషా ఒక ముద్ద అనుమానంగా నమిలాడు. ఇంకో ముద్ద తిన్నాడు.

“కాస్త చేదే. అయినా దిగుతోందక్కా!” అంటూ గిన్నె ఖాళీ చేశాడు. ఎవరూ అడక్కుండానే మాత్ర మింగేశాడు. చాంద్ బీ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది.

“ఇంక ఈ కేరేజీకి కళాయి వేయించమ్మా,” అన్నాడు డాక్టరు. “మీ మాచర్లలో మంచి కళాయి పనివాడే లేడా?”

కాలేషా దుప్పటి నిండా కప్పేసుకున్నాడు.

చాంద్ బీ ఆ దుప్పటి వైపు వేలు చూపించింది.