ఇంజన్ వేడెక్కాక

“చల్లగున్నప్పుడు అన్ని బండ్లు మంచిగనే ఉంటయన్నా. ఒక్క రౌండ్ కొట్టుకొస్త,” అంటూ పాల్ రాజ్ బండి ఎక్కాడు.

దాసు హ్యాండిల్ పట్టుకున్నాడు. “ఎందుకన్నా, గీడనే సూడరాదు? పెట్రోల్ గూడ తక్కువున్నది.”

“శక్కర్‌నగర్ దాకనే. ఆగిపోతే నెట్టుకొస్త తియ్యి.”

బండి సందు మలుపు తిరిగింది. చప్పుడు మెత్తగా ఉంది. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు మెత్తగానే ఉంటుందని దాసుకు తెలుసు. లోపల క్రాంక్ ఇరుసు వదులై కొట్టుకుంటున్న ఆ ఇంజన్‌లో చిక్కటి గేర్ ఆయిల్ కలిపింది తనే. నూనె చిక్కగా ఉంటే చప్పుడు అణుగుతుంది. వేడికి పలచబడితే మళ్లీ బయటపడుతుంది.

కొడుకు విజయ్ పాల్‌కు పాస్టరు గారు నవీపేట్ సంబంధం చెప్పారు. ఆశ అనే అమ్మాయి. అమ్మాయి తరఫువాళ్లు వచ్చే ఆదివారం ఇల్లు చూడటానికి వస్తామన్నారు. ఆలోపు వాకిట్లోంచి ఈ డొక్కును వదిలించుకోవాలని దాసు హ్యాండిల్‌కు ‘అమ్మబడును’ అని అట్ట కట్టాడు. ఇవాళ ఆరాధన ముగించుకుని ఇంటికి రాగానే ఈ ఇద్దరూ దిగారు. అన్నాచెల్లెళ్లమని, వర్ని నుంచి వచ్చామని చెప్పారు. పాల్ రాజ్ మెకానిక్కట.

చెల్లెలు యేసమ్మ బండి వైపు చూడనే లేదు. దాసు భార్య గ్రేస్ ఇచ్చిన నీళ్లు తాగుతూ, బోరు నీళ్లా నల్లా నీళ్లా అని అడిగింది. వంటింట్లోకి తొంగి చూసింది. పిల్లలెందరు, ఏం చేస్తారు అని ఆరా తీసింది.

“బండి సంగతి నాకేం ఎర్క అన్నా! మా అన్న ఎట్లంటే అట్ల. పాతదైతే పాతదాయె, మోసం మాత్రం ఉండొద్దు,” అంది.

దాసు తలూపాడు.

బండి కంటే ముందు దాని చప్పుడు వచ్చింది. డబ్బాలో రాయి వేసి ఊపినట్టుంది. పాల్ రాజ్ స్టాండు వేశాడు. ఇంజన్ ఆపకుండా స్క్రూడ్రైవర్ మొన దాని మీద ఆనించి, పిడికి చెవి పెట్టాడు.

“ఏందన్నా గీ సప్పుడు?”

“టాపెట్లన్నా. పాత బండ్లకు మామూలే గదా.”

“టాపెట్లు మీద కొట్టుకుంటయి. గిది కిందికెల్లి వస్తున్నది.”

ఇంజన్ ఆపాడు. పక్క మూత విప్పి, గుడ్డ చుట్టి, మాగ్నెట్ చక్రాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. “గిది క్రాంక్ కొసకే ఉంటది. లోపలికి బయటికి వెంట్రుకంత కదిలితే ఏం గాదు. కిందికి మీదికి కదలొద్దు.”

పైకెత్తాడు. టక్. కిందికి నొక్కాడు. టక్.

“బేరింగులు పోయినయి. క్రాంక్ ఆడుతున్నది. నీకు ఎర్క లేదా అన్నా?”

గ్రేస్ తలుపు దగ్గర నిలబడి మొగుడి వైపు చూస్తోంది. గేర్ ఆయిల్ డబ్బా పారేసింది ఆమే.

“దేవుని తోడు, నాకు ఎర్కనే లేదు,” అన్నాడు దాసు.

పొద్దున చర్చిలో పాట ఎత్తుకున్న నోరు అది. గ్రేస్ లోపలికి వెళ్లిపోయింది.

“బాపు, జర ఆగు.” విజయ్ పాల్ బయటికి వచ్చాడు. “కాకా, గీ బండి కొనకుండ్రి. క్రాంక్ పోయిందని నాకు ఎర్కే. సప్పుడు రావద్దని గేర్ ఆయిల్ కలిపిన. నేనే కలిపిన. బాపుకు తెల్వది.”

దాసు నోరు తెరిచాడు. కాదు, నేనే కలిపిన అంటే చాలు. ఆ మాట నాలుక దాకా వచ్చి ఆగింది. నోరు మూసుకుని నేల చూశాడు.

పాల్ రాజ్ చేతులు తుడుచుకున్నాడు. “నువ్వే కలిపినవా? ఏదీ, నీ చెయ్యి ఇటు తే.”

విజయ్ పాల్ చెయ్యి చాపాడు. పాల్ రాజ్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వదిలేశాడు.

“గేర్ ఆయిల్ వాసన సబ్బుకు పోదు బిడ్డా. వచ్చినప్పుడు మీ బాపుకు చెయ్యి కలిపిన. అప్పుడే నాకు ఎర్కైంది.”

దాసు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. కొడుకు వైపు చూడలేకపోయాడు.

“తప్పైందన్నా,” అన్నాడు చివరికి. “నేనే కలిపిన. బండి అమ్మను. మీరు పోండ్రి.”

యేసమ్మ లేచి చీర దులుపుకుంది. అన్నాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాల్ రాజ్ తలూపాడు. ఆమె దాసు దగ్గరికి వచ్చింది.

“అబద్ధం మేం గూడ ఆడినమన్నా. మాది వర్ని గాదు, నవీపేట్. చెప్పకుండ వచ్చి మీ ఇంటి సంగతి సూద్దామనుకున్నం. బండిని ఉండనియ్యి. నా బిడ్డ ఆశకు నీ కొడుకునియ్యి.”