వంటిల్లు అప్పగింత

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినగానే వినోద చేతిలోని స్టీలు పీచు సింకులో పడిపోయింది.

“వినోదా! వంటిల్లు అయిందా?” కింద ఉండే ఇంటి ఓనరు భార్య కమలాబాయి గొంతు.

“అయితాంది అమ్మా! యాసిడ్ పోసిన, జారుతది. మీరు రాకుండ్రి!”

చెప్పులు సగం మెట్ల దగ్గర ఆగాయి. “జల్దీ కానియ్. కొత్తోళ్లు పదకొండుకొచ్చి పాలు పొంగిచ్చుకుంటరు. జిడ్డు కనవడ్డదంటె నేనే వచ్చి రుద్దుత, చెప్తున్న!”

కమలాబాయి వంటింట్లోకి రావాలంటే నడిమి గది దాటాలి. నడిమి గదిలో మంచం ఉంది. మంచం మీద వినోద అత్త సత్యమ్మ ఉంది.

మిగతా సామానంతా నిన్న సాయంత్రమే ట్రాలీలో దేవరయాంజాల్ వెళ్లిపోయింది. అక్కడ వాళ్లు కట్టుకున్న రెండు గదుల ఇంటికి ఇంకా సున్నం కూడా పడలేదు. తలుపులు బిగించింది మొన్ననే. అయినా ఇంత తొందరగా మారడానికి కారణం సత్యమ్మే.

నెల కిందట ఆసుపత్రి వాళ్లు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆటో ఆగగానే ఓనరు వెంకటనర్సయ్య గేటు దగ్గర నిలబడ్డాడు. వినోద భర్త మీద గొంతు పెంచలేదు. “ప్రవీణూ, ఏమనుకోకు. ముసలామెకు ఏమన్న అయితే గేటు బయటనే. ఇంట్ల మాత్రం వద్దు,” అన్నాడంతే.

కిరాయి ఇంట్లో పుట్టొచ్చు, పెళ్లి చేసుకోవచ్చు. పోవడానికి మాత్రం ఓనరు ఒప్పుకోడు. పోయినేడు వెనక గల్లీలో చనిపోయిన ఒక పెద్దమనిషిని పొద్దంతా రోడ్డు పక్కన టార్పాలిన్ కింద పడుకోబెట్టారు. సత్యమ్మ అది బాల్కనీలోంచి చూసింది. మంచం పట్టాక ఆమెది ఒకటే మాట. “నన్ను రోడ్డు మీద పండవెట్టకుండ్రి బిడ్డా. నా గడప లోపటికి తీస్కపోండ్రి.” వినోద చేతిలో చెయ్యేసి మాటిచ్చింది.

ఆ మాట నిలబడాలంటే ఇప్పుడు ఈ వంటిల్లు అద్దంలా మెరవాలి. ఎవరూ పైకి రాకూడదు.

వినోద మళ్లీ పీచు అందుకుంది. పొయ్యి వెనక టైల్స్‌కు నాలుగేళ్ల పోపుల మరకలు. సర్ఫు నీళ్లలో వంటసోడా కలిపి రుద్దింది. గ్యాస్ పైపు దూరే కంత చుట్టూ కత్తి మొనతో గీకింది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలు ఊడదీసి కడిగింది. రెండు నిమిషాలకోసారి వెనక్కి తిరిగి చూసింది. ఫ్యాన్ గాలికి సత్యమ్మ మీది దుప్పటి అంచు కదులుతోంది.

“అయిపోయింది అత్తమ్మా. ఇగ పోదాం,” అంది సన్నగా.

భర్తకు ఫోన్ చేసింది. ప్రవీణ్ కంపెనీ క్యాబు నడుపుతాడు. “తుర్కపల్లిల స్టాఫ్‌ను దింపిన. వస్తున్న. అమ్మ ఎట్లుంది?”

“నువ్వైతే జల్దీ రా.”

ఫోన్ పెట్టేసి తల ఎత్తేసరికి కమలాబాయి గుమ్మంలో ఉంది! వినోద పరుగున వెళ్లి తలుపుకు అడ్డంగా నిలబడింది.

“కండ్లేంది, గంత ఎర్రగున్నయి?”

“యాసిడ్ ఘాటు అమ్మా.”

“ముసలామె తిన్నదా ఏమన్న?”

“పండుకున్నది. రాత్రంతా నిద్ర లేదు.”

కమలాబాయి ఆమె భుజం మీదుగా తొంగిచూడబోయింది. ఇంతలో వెనక నుంచి వెంకటనర్సయ్య వచ్చాడు. ఆయనకు యాసిడ్ సంగతి చెప్పినా ఆగలేదు. వినోదను పక్కకు జరగమని చేత్తో సైగచేసి సీదా వంటింట్లోకి నడిచాడు. టైల్ మీద వేలితో రుద్ది చూశాడు. సింకు కింద వంగి చూశాడు. ‘అటే బయటికి పో, అటే పో’ అని వినోద మనసులో మొక్కుకుంది.

ఆయన అటు పోలేదు. తిరిగి వస్తూ మంచం దగ్గర ఆగాడు.

వంగి సత్యమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. దుప్పటి సర్దాడు. ఇప్పుడు అరుస్తాడు, మంచం రోడ్డు మీద వేయిస్తాడు అనుకుని వినోద కళ్లు మూసుకుంది.

“కమలా, కిందికి పోయి నీళ్లు తోడు. మళ్ల తానం జేస్త.”

“ఇప్పుడే గద చేసినవ్?”

“ఉక్కపోతకు చెమట వట్టింది. పో.”

ఆమె గొణుక్కుంటూ దిగిపోయింది. గేటు ముందు కారు హారన్ మోగింది. వెంకటనర్సయ్య బాల్కనీలోకి వెళ్లి కేకేశాడు. “ప్రవీణూ, నువ్వు పైకి రాకు! బండి తిప్పి ఏసీ పెట్టు. అమ్మను మేం తెస్తం.”

కింది నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది ఆయనే. సత్యమ్మను ఎత్తి కూర్చోబెట్టింది ఆయనే. తల వాలిపోకుండా తన ఛాతీకి ఆనించుకుని, ఒక్కో మెట్టూ దిగాడు. కుర్చీ కాళ్లు పట్టుకున్న వినోదకు ఈ మనిషి ఏం చేస్తున్నాడో అర్థం కాలేదు. భయం ఇంకా పోలేదు.

వెనక సీట్లో సత్యమ్మను వినోద భుజానికి ఆనించి కూర్చోబెట్టాడు.

“అమ్మా!” అని ప్రవీణ్ వెనక్కి తిరిగాడు.

“నిద్రల ఉన్నది, లేపకు. ముందట చూసి నడుపు,” అన్నాడు వెంకటనర్సయ్య.

వినోద తాళంచెవి ఇచ్చింది. ఆయన దాన్ని చూడకుండానే జేబులో వేసుకున్నాడు. కిటికీలోంచి లోపలికి వంగి, ప్రవీణ్‌కు వినబడకుండా ఆమె చెవిలో అడిగాడు:

“పాణం బోయేటప్పుడు నోట్ల తులసి నీళ్లన్న పోసినవా, బిడ్డా?”