ఇరవై నాలుగు ఎలుకలు

"మూడోసారి కూడా అంతే వచ్చింది, వెదమహత్తయా," అంది డాక్టర్ చందిమా, కాగితాలు బల్ల మీద పెడుతూ.

హీన్ బండా కుర్చీ అంచున కూర్చుని విన్నాడు. డెబ్భై ఆరేళ్ల మనిషి. కొండ మీది ఊరి నుంచి తెల్లారకముందే బయల్దేరి, రెండు బస్సులు మారి కాండీలోని ఈ పరిశోధనశాలకి వచ్చాడు. వంశపారంపర్యంగా మందులిచ్చే వైద్యుణ్ణి అక్కడ ఎవరైనా వెదమహత్తయా అనే పిలుస్తారు. ఆ పిలుపు వినగానే ఎప్పుడూ నిటారుగా కూర్చునే ఆయన నడుము ఇవాళ వంగిపోయింది. ముందు పెట్టిన టీ చల్లారింది. కొరుక్కోడానికిచ్చిన జీలుగు బెల్లం ముక్క అలాగే ఉంది.

పరీక్ష ఆయన వేరు మీద. చక్కెర జబ్బుకి ఆ వేరు కషాయమే ఆయన ముప్పై ఏళ్లుగా ఇస్తున్నాడు. అది పని చేస్తుందని పరిశోధనశాల రాసిస్తే తప్ప ఇకమీదట ఎవరికీ పోయకూడదని పైనుంచి కాగితం వచ్చింది. ఆ వేరు వచ్చే తీగ పేరు వాళ్లింట్లో తండ్రి కొడుకు చెవిలో చెప్పేదే తప్ప గోడల్ని కూడా విననిచ్చేవారు కాదు. అలాంటిది, చనిపోయిన తండ్రికిచ్చిన మాట తప్పి, పేరుతో సహా బస్తాడు వేళ్లు తెచ్చి ఈ అమ్మాయి ముందు పోశాడాయన. వేరు గెలుస్తుందని అంత ధైర్యం.

చందిమా ఓపిగ్గా మళ్లీ చెప్పింది. చక్కెర జబ్బు తెప్పించిన ఎలుకలు ఇరవై నాలుగు. కుడివైపు గూళ్లలో పన్నెండింటికి రోజూ కషాయం. ఎడమవైపు పన్నెండింటికి ఉత్త నీళ్లు. నెల తిరిగేసరికి రెండు వైపులా చక్కెర ఒకేలా దిగింది.

"దిగిందిగా తల్లీ?" అన్నాడు ముసలాయన ఆశగా.

"మందు తాగనివాటికీ దిగింది. అంటే దానంతటదే దిగుతోందనేగా? ఇందులో మీ వేరు గొప్పేముంది?"

ఆయన తన రోగుల గురించి చెప్పబోయాడు. కాలు తీసేయాలని డాక్టర్లు చెప్పిన పోస్టుమాస్టరు ఇప్పుడు ఆ కాలితోనే కొండెక్కి వస్తున్నాడన్నాడు. చందిమా కాదనలేదు.

"మనుషులకి మీ ముఖం చూస్తేనే సగం నయమైపోతుంది వెదమహత్తయా. ఎలుకలకి మీరెవరో తెలీదు. అందుకే వాటిని అడిగేది."

నిజానికి ఆమె కూడా తక్కువ తంటాలు పడలేదు. మొదటిసారి ఎలుకల మీద అనుమానపడింది. రెండోసారి కొలంబో నుంచి కొత్తవి తెప్పించింది. మూడోసారి ఎవరినీ నమ్మక కషాయం తనే కాచింది. అన్నిసార్లూ ఎలుకలు ఒకే జవాబు చెప్పాయి. ఎలుకలకి మొహమాటం ఉండదు కదా.

ఇక మిగిలింది ఒక్క అనుమానం. అడగడానికి నోరు రాకపోయినా అడిగింది. పాతకాలం వైద్యులు ఎంత చెప్పినా చివరికి ఒక గుప్పెడు దాచుకుంటారని ఆ కొండల్లో అందరికీ తెలుసు.

"మీరేమైనా దాచారా?"

హీన్ బండా రెండు చేతులూ బల్ల మీద పెట్టి, అరచేతులు తెరిచి చూపించాడు. మట్టి ఇంకిపోయిన చేతులు.

"దాచుకోడానికి ఇంకేం లేదు తల్లీ. అంతా ఇచ్చేశాను."

చందిమాకి ఏడుపొచ్చినంత పనైంది. ఇంత పెద్దమనిషిని దొంగని అడిగినట్టు అడిగాను కదా అని తన మీద తనకే కోపం వచ్చింది. కానీ మధ్యాహ్నంలోగా నివేదిక పంపాలి. జాలిపడి అబద్ధం రాయడం కుదరదు.

"నువ్వు రాసేయి," అన్నాడాయన మెల్లగా. "నీ తప్పేముంది. మా వాళ్లందర్నీ పెద్దాసుపత్రికి పొమ్మని చెప్తాను. కాస్త దూరం, అంతే. నడవలేనివాళ్ల సంగతే..." ఆ మాట పూర్తి చేయకుండా ఖాళీ సంచీ మడత పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

ఆమె "నిరుపయోగం" అని రాసింది. సంతకం పెట్టడానికి కలం కాగితానికి ఆనించింది. అప్పుడే తలుపు తోసుకుని రన్ మెనికే లోపలికొచ్చింది. పదిహేనేళ్లుగా ఎలుకల గది చూసుకునే మనిషి. మేత, నీళ్లు, గూళ్లు కడగడం, అన్నీ ఆమే. చేతిలో తమలపాకుల కట్ట ఉంది.

"తర్వాత రా, మెనికే అక్కా," అంది చందిమా.

"ఆయన వెళ్లిపోతే ఎలా మిస్," అంటూ మెనికే అప్పటికే మోకాళ్ల మీద వంగి, ఆకుల కట్ట ముసలాయన చేతుల్లో పెట్టింది. "తప్పు కాయండి వెదమహత్తయా. తమలపాకులివ్వకుండా వైద్యుడి మందు ముట్టుకోకూడదని తెలుసు. అయినా మీ బస్తాలోంచి వేళ్లు తీసి, టీ కాచే పొయ్యి మీద కాచుకున్నాను. ఒకసారి కాదు, రోజూ."

చందిమా కలం ఆపింది. ఇన్నేళ్లు కలిసి పని చేస్తూ ఈ మనిషికి ఒంట్లో బాగోలేదని ఒక్కనాడూ తెలుసుకోలేకపోయానే అనుకుంది.

"నీకూ చక్కెర ఉందా అక్కా? నాకు చెప్పలేదేం?"

"నాకు కాదు మిస్. ఎడమవైపు గూళ్లలో వాటికి. వాటి కళ్లెదురుగా అవతలి పన్నెండింటికీ మందు పోస్తూ, వాటికి మాత్రం ఉత్త నీళ్లు పోయడానికి మూడుసార్లూ నాకు చెయ్యి రాలేదు."